ఇంకో కోటు

సీలింగ్‌కి రంగు వెయ్యడం కింద నుంచి చూసేవాళ్ళకి తేలిగ్గానే ఉంటుంది. గోడైతే ఎదురుగా నిలబడి వేసుకుంటాం, తప్పు జరిగితే అక్కడికక్కడే తెలుస్తుంది. సీలింగ్ అలా కాదు. మెడ వెనక్కి విరిచి గంటలకొద్దీ చేతులెత్తి నిలబడాలి, కళ్ళల్లో చుక్కలు పడతాయి, వేసింది బాగుందో లేదో ఎండేదాకా తెలియదు. ఈ సంగతులన్నీ హేమంత్‌కి చెప్పిన మనిషి ఇప్పుడు లేడు. మణికొండలో కొత్తగా కొనుక్కున్న మూడో అంతస్తు ఫ్లాట్‌లో, 2011 సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున, పడకగది నడుమ నిచ్చెన వేసుకుని హేమంత్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

సకల జనుల సమ్మె మొదలై నాలుగు రోజులైంది. బస్సుల్లేవు, బడులు తెరవడం లేదు, గనుల్లో బొగ్గు తవ్వేవాళ్ళు లేక కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. గచ్చిబౌలి ఆఫీసుల్లో మాత్రం జనరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఊరంతా ఉడికిపోతున్నా ఆ అద్దాల మేడల్లో చలికి స్వెట్టర్లు వేసుకునేవాళ్ళుంటారు. హేమంత్ అలాంటి ఒక మేడలోనే పనిచేస్తాడు.

కావ్య పొద్దున్నే ఫోన్ చేసింది. పురిటికని ప్రొద్దుటూరు పోయిన మనిషి, మూడు నెలల పాపతో తిరిగి రావాలి.

"పై నెల పదో తేదీ బాగుందంట. నాయన అడిగించినాడు. రూము రెడీ చేసినావా లేదా?"

"అయిపోతుంది."

"పెయింటర్లు దొరికినారా?"

"సమ్మె కదా, ఎవరూ రావడం లేదు. నేనే వేస్తాండా."

"ఆ మనిషి పడిన రూమే కదా అది. శాంతి చేయించినావు సరే... నాకెందుకో మనసు పట్టదు," అంది కావ్య.

"ఏం కాదులే," అన్నాడు హేమంత్. ఆ రెండు నెలల్లో అతను ఎక్కువసార్లు పలికిన మాట అదే.

పెయింటర్లు దొరక్క కాదు. ముగ్గురు వచ్చారు. ముగ్గురూ గుమ్మంలో నిలబడి తలెత్తి చూశారు. తలుపు వైపు సగం పాలమీగడలా నున్నగా ఉంది, కిటికీ వైపు సగం ముందు కోటు దగ్గరే ఆగిపోయింది, నడుమ గీత గీసినట్టు అంచు. "ఇది వీరేశమన్న చేసిన పని గద సార్," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

వీరేశానిది పుప్పాలగూడ. యాభై దాటిన మనిషి. పొలాలున్నన్నాళ్ళూ దున్నుకున్నాడు, ఆ పొలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాక వాటికి రంగులు వేస్తున్నాడు. తాత దున్నిన చెలకలో కట్టిన బిల్డింగుకే తను తెల్లరంగు వేశానని ఒకసారి నవ్వుతూ చెప్పాడు. చెప్పింది నవ్వుతూనే గానీ, విన్న హేమంత్‌కి ఎటు చూడాలో తెలియలేదు.

పనిలో మాత్రం మహా చాదస్తుడు. నేలంతా పాత పేపర్లు పరిచేవాడు. ఎండ తగిలితే రంగు తొందరగా ఆరిపోతుందని కిటికీ అద్దాలకి కూడా పేపర్లు అంటించేవాడు. ఫ్యాన్ వెయ్యనిచ్చేవాడు కాదు. ముందు గోడల వారగా అరచెయ్యంత వెడల్పున బ్రష్‌తో వేసుకుని, తరవాత రోలర్ పట్టేవాడు. మొదటి కోటు అడ్డంగా, ఆఖరి కోటు కిటికీ వైపు నిలువుగా. వెలుతురు ఎటు నుంచి వస్తే చెయ్యి అటే పోవాలట.

"సీలింగ్ అంటె నడుమల ఆపొద్దు సార్," అనేవాడు. "ఈ గోడ కాడ షురూ చేస్తె ఆ గోడ ముట్టుకునేదాంక చెయ్యి ఆగొద్దు. ఆపినమనుకో, అంచు ఎండిపోతది. మల్ల కలిపితె అతుకు పడ్తది. మీరు జిందగీ మొత్తం మంచం మీద పండుకొని ఆ అతుకునే చూసుకుంట ఉండాలె."

ఆ జూలైలో రెండు రోజుల బంద్ వచ్చింది. పడకగదికి ఆఖరి కోటు ఒక్కటే మిగిలింది.

"నేను రాను సార్," అన్నాడు వీరేశం. "మా బస్తోళ్ళం అందరం గచ్చిబౌలి రోడ్డు మీద వంటావార్పు వెట్టుకున్నం. సీతాబాయి బగార అన్నం వండుతది. నేను లేకపోతె ఎట్ల?"

వంటావార్పు అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే కూర్చుని తినడం. ఆ రోజుల్లో ఉద్యమం అలా కూడా నడిచింది. సీతాబాయి వీరేశం భార్య.

హేమంత్‌కి ఉద్యమం మీద కోపం లేదు, ప్రేమా లేదు. ఇల్లు తొందరగా పూర్తవ్వాలి, అంతే. "పొద్దున ఆరింటికి మొదలుపెడితే పన్నెండుకల్లా అయిపోదా?" అన్నాడు.

"అయితది. గని ఎవలన్న చూస్తె ఇజ్జత్ పోతది సార్. మనోడే బంద్ నాడు పనికి పోయిండంటరు."

"బయట తాళం వేసి పోతాను. తాళం చూశాక ఎవరొస్తారు?"

బంద్ రోజు షట్టర్ దించేసి లోపల పని చేసుకోవడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. ముందు దుకాణానికి తాళం, వెనక గదిలో బేరం. హేమంత్ ఆ తెలివినే తన ఇంటికి వాడుకున్నాడు, పైగా వీరేశం పరువు కూడా కాపాడుతున్నానని కాస్త గర్వపడ్డాడు.

వీరేశం తల గోక్కుని ఒప్పుకున్నాడు. "అయిపోంగనే మిస్డ్ కాల్ ఇస్త. జర జల్ది రాండ్రి. పన్నెండు దాటితె సీత ఊకోదు."

"ఆఫీసు ఇక్కడికి పది నిమిషాలే. వచ్చేస్తాగా."

బంద్ మొదలయ్యేలోపే ఆఫీసులో ఉండాలని హేమంత్ ఆరింటికే బయల్దేరాడు. తాళం వేసి, ఒకసారి లాగి చూసుకున్నాడు. లోపల రోలర్ తడి చప్పుడు వినిపిస్తోంది. వాచ్‌మన్ యాదయ్య అప్పటికే వంట గిన్నెలు మొయ్యడానికి రోడ్డు మీదికి పోయాడు. కాపురమున్న రెండు ఫ్లాట్లవాళ్ళూ రెండు రోజుల సెలవని ఊళ్ళకి వెళ్ళారు. బిల్డింగు మొత్తానికి వీరేశం ఒక్కడే ఉన్నాడు.

మొదటి మిస్డ్ కాల్ తొమ్మిదీ నలభైకి వచ్చింది.

పని అయిపోయిందేమో అనుకున్నానని హేమంత్ తరవాత తనకి తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. అబద్ధం. పన్నెండుకి అయ్యే పని తొమ్మిదీ నలభైకి ఎలా అవుతుంది? అతనికి ఆ క్షణంలోనే తెలుసు. వంటావార్పుకి పోవాలని తొందరపడుతున్నాడు కాబోలు, ఎత్తితే ఎప్పుడొస్తరు అంటాడు, చెప్పడానికి జవాబు లేదు, అనుకున్నాడు. కింద కూడలి నిండా జనం. తన బండికి కడప నంబరు. దాన్నేసుకుని ఆ జనం మధ్య నుంచి పోవాలంటే ధైర్యం చాలలేదు. నడిస్తే ముప్పావుగంట. నడవొచ్చు. నడవలేదు.

పదింటికి మళ్ళీ వచ్చింది. పదీ పదికి మళ్ళీ. ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టి డ్రాయర్లో పడేశాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం తిన్నాడు, అద్దంలోంచి రోడ్డు మీద లేస్తున్న పొయ్యిల పొగ చూశాడు. సాయంత్రం డ్రాయర్ తీస్తే ఏడు కాల్స్ ఉన్నాయి. ఆఖరిది మూడూ పదికి.

ఆరింటికి తాళం తీసి తలుపు నెడితే తెరుచుకోలేదు. లోపల ఏదో అడ్డం ఉంది. భుజం పెట్టి తోశాడు.

వీరేశం గుమ్మానికి ఆనుకుని పడి ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిపోయింది. ఒక కాలు తొడ దగ్గర వంకరగా తిరిగిపోయింది. పడకగది నుంచి హాల్ గుండా గుమ్మందాకా నేల మీద తెల్లటి చార. తలుపుకి లోపలి వైపున, మోకాలి ఎత్తులో, తెల్లటి చేతి గుర్తులు. ఒకటి కాదు, రెండు కాదు. అదే చోట కొట్టీ కొట్టీ గుర్తుల మీద గుర్తులు పడ్డాయి.

మంచివాడే హేమంత్. వీధికుక్క కుంటుతుంటే బండాపి నీళ్ళు పట్టే మనిషి. ఆ మనిషే ఆ సాయంత్రం తలుపు దగ్గరికి వేసి, చొక్కా చేతులు మడుచుకుని, వీరేశాన్ని చంకల కింద పట్టుకుని మళ్ళీ పడకగదిలోకి ఈడ్చుకుపోయాడు. నిచ్చెన పక్కన పడుకోబెట్టాడు. నేల తుడిచాడు. తలుపు తుడిచాడు. వీరేశం జేబులోంచి ఫోన్ తీసి కాల్స్ అన్నీ చెరిపేశాడు. తనకి ఏడు, 'సీత' అన్న పేరుకి ఒకటి. తాళం ప్యాంటు జేబులో వేసుకుని, అప్పుడు మెట్ల మీద నిలబడి యాదయ్యని కేకేశాడు.

ఐదు, ఐదున్నరకి పడి ఉంటాడు, నేనొచ్చేసరికి పోయాడు, తలుపు ఊరికే దగ్గరికి వేసి ఉంది. అతను చెప్పింది ఇంతే. పోలీసులు రాసుకున్నారు. పనివాడు నిచ్చెన మీంచి పడితే ఎవరికీ అనుమానం రాలేదు.

పదకొండో రోజు దాటాక సీతాబాయి బ్రష్‌ల డబ్బా కోసం వచ్చింది. సన్నటి మనిషి, చీర కొంగు భుజం చుట్టూ బిగించుకుని ఉంది. డబ్బా తీసుకుంది గానీ కదల్లేదు.

"ఎన్ని గంటలకు పడ్డడు సార్?"

"ఐదు... ఐదున్నర అయ్యుంటుంది."

"ఒంటిగంటకు నాకు ఫోన్ చేసిండు. డప్పుల సప్పుడుల ఏం వినవడలే. ఇస్తారేసుకొని కూసున్న ఆయన కోసం. 'పని పని అని దాంట్లనే సస్తవా' అన్న. పెట్టేసిన." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "గా మాట మనసుల వెట్టుకొని ఆగమాగం చేసిండేమో. జారిండేమో. ఐదింటికే గద సార్ పడ్డది? నేనన్న తర్వాతనే గద?"

హేమంత్ తల ఊపాడు.

ఆమె అన్న మాటకి మూడు గంటల ముందే పడ్డాడు వీరేశం. ఆ ఒక్క ముక్క చెబితే చాలు, ఆమె నెత్తి మీది బరువు దిగిపోతుంది. కానీ ఆ ముక్క వెనకే ఏడు కాల్స్ ఉన్నాయి, తాళం ఉంది, ఈడ్చిన చార ఉంది. చెబితే ఉద్యోగం, పెళ్ళాం, పాప, ఏమవుతారో. పైగా ఒక సాకు దొరికింది: చావుబతుకుల్లో ఉన్నవాడి ఫోన్ పెట్టేశానని తెలిస్తే ఆమె ఇంకా కుమిలిపోదా? ఆమె మంచికే చెప్పడం లేదు. ఈ మాట అతను సగం నమ్మాడు.

యాదయ్య చెప్పి పెట్టించగా సీతాబాయి ఆ బిల్డింగులోనే మెట్లు ఊడ్చే పనికి చేరింది. వారానికోసారైనా అతని గుమ్మం ముందు చీపురు ఆపి అదే ప్రశ్న అడిగేది. "ఐదింటికే గద సార్?" హేమంత్ అదే జవాబు చెప్పేవాడు.

సెప్టెంబరులో ఆ శనివారం సాయంత్రానికి కిటికీ వైపు సగం మొత్తం హేమంత్ పూర్తి చేశాడు. భుజాలు పడిపోయాయి. వీరేశం చెప్పినవన్నీ చేశాడు: పేపర్లు పరిచాడు, కిటికీ మూశాడు, ఫ్యాన్ ఆపాడు, మధ్యలో నీళ్ళు కూడా తాగలేదు. ఆదివారం ఎండాక చూస్తే తను వేసిందంతా చారలు, మచ్చలు. పాత అంచు అలాగే ఉంది. దాని మీదే రెండుసార్లు రోలర్ తిప్పాడు, అయినా అలాగే ఉంది. చేతకాని పని చేస్తే ఇంతే అనుకున్నాడు.

సోమవారం ఆఫీసు నుంచి వచ్చి తలెత్తి చూశాడు. నున్నటి సగం పెద్దదైంది.

వెలుతురు తేడా అనుకున్నాడు. నిచ్చెనెక్కి అంచు ఉన్నచోట గోడ మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టాడు. మంగళవారం చూస్తే అంచు ఆ గీత దాటి చెయ్యెడు దూరం పోయింది. కింద పరిచిన పేపర్ల మీద తెల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి. ముట్టుకుంటే వేలికి అంటాయి. కడిగి ఆరబెట్టిన రోలర్ బకెట్‌లో నానుతోంది. గదిలో పచ్చి రంగు వాసన, దాని వెనక ఎండలో పనిచేసిన మనిషి చెమట వాసన...

కిందికి పోయి యాదయ్యని అడిగాడు. "పైకి ఎవరైనా వచ్చారా?"

"ఎవలొస్తరు సార్? మీరు తాళమేసుకొని పోతిరి గద."

యాదయ్య మామూలుగానే అన్నాడు. హేమంత్ మాత్రం మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని ఎక్కాడు.

బుధవారం చెయ్యెడు. గురువారం చెయ్యెడు. శుక్రవారానికి కిటికీ వైపు రెండు చేతుల వెడల్పు మిగిలింది. నున్నటి భాగంలో ఎక్కడా చార లేదు, చుక్క లేదు. అంత నీటుగా వేసేవాడు హేమంత్‌కి తెలిసినంతలో ఒక్కడే ఉన్నాడు. ఆ మిగిలింది తన చేత్తో పూర్తి చేసేస్తే ఇది ఇక్కడితో తెగిపోతుందని అతనికి గట్టిగా అనిపించింది. పారిపోదామనీ అనిపించింది. కానీ కావ్య వస్తుంది, పాప వస్తుంది, ఈ గదిలోనే పడుకుంటారు.

మర్నాడు మళ్ళీ బంద్. మధ్యాహ్నం రెండింటికి నిచ్చెనెక్కాడు. అప్పుడే కరెంటు పోయింది. కిటికీకి అంటించిన పేపర్ల గుండా పసుపుపచ్చటి వెలుతురు, గదంతా మసక. బయట రోడ్డు మీద ఒక్క బండి చప్పుడు లేదు. ఎక్కడో దూరంగా డప్పులు మోగి ఆగిపోయాయి. కిటికీ మూల నుంచి మొదలుపెట్టాడు. రోలర్ పైకి, కిందికి. జిగురు తడి చప్పుడు. చర్‌... చర్‌... చర్‌.

కొంతసేపటికి చెయ్యి లాగి ఒక్క క్షణం ఆపాడు.

చప్పుడు ఆగలేదు.

చర్‌... చర్‌...

తన వెనక. తలుపు వైపు నుంచి. తనకంటే నిదానంగా, తనకంటే నిండుగా.

మెడ తిప్పలేదు. తిప్పలేకపోయాడు. కింద పేపర్ మీద టప్‌మని చుక్క పడింది. తన రోలర్‌ది కాదు. చెమట వాసన దగ్గరికొచ్చింది. కళ్ళు పైకే పెట్టి చూస్తుంటే, నున్నటి తెలుపు అంచు తనవైపు జరుగుతూ వస్తోంది. ఒక పట్టీ... దాని పక్కన ఇంకో పట్టీ... దాన్ని వేస్తున్న రోలర్ మాత్రం కనపడలేదు.

చెవి వెనక ఎవరో గుసగుసగా అన్నారు.

"ఆపకుండ్రి సార్... అతుకు పడ్తది."

చెయ్యి దానంతటదే లేచింది. హేమంత్ వేశాడు. ఏడుస్తూ వేశాడు. కన్నీళ్ళో రంగో కళ్ళు మండుతున్నాయి. ఆపితే ఏమవుతుందో తెలియదు, అందుకే ఆపలేదు. పక్కపక్కనే రెండు చప్పుళ్ళు. ఇద్దరు మనుషులు కలిసి ఒక పని చేసుకుంటున్నట్టే ఉంది. మధ్యలో మిగిలిన ఖాళీ మూరెడు... జానెడు...

బయటి తలుపు మీద ఎవరో తట్టారు.

"సార్... ఉన్నరా?"

సీతాబాయి. రోలర్ ఆపకుండానే హేమంత్ పలికాడు. "ఆఁ."

"బంద్ గద, వంటావార్పుకు పోతున్న. మల్ల గదే రోడ్డు మీద. కాళ్ళు పోతలేవు సార్." తలుపు అవతల ఆమె ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. "ఒక్కసారి నిజం చెప్పుండ్రి. ఏమన్నా ఏమనుకోను. నా మాటకే పోయిండా ఆయన?"

వెనక రోలర్ ఆగింది.

మొదటిసారి ఆగింది. గదిలో చిన్న చప్పుడు లేదు. ఎక్కడా చుక్క పడలేదు. హేమంత్ మెడ మీద వెచ్చటి గాలి తగిలి... ఆగింది. ఊపిరి బిగబట్టి ఎవరో వింటున్నారు. సీతాబాయి తలుపు అవతల, వింటున్న మనిషి ఇవతల, నడుమ నిచ్చెన మీద హేమంత్.

చెప్పాలనుకున్నాడు. ఒట్టేసి చెప్పొచ్చు, చెప్పాలనే నోరు తెరిచాడు. నీ మాట కంటే ముందే పడ్డాడమ్మా, తప్పంతా నాది. మాట నాలుక మీదికొచ్చింది. దానితోపాటే పోలీసులు, కావ్య మొహం, ఎత్తుకోవాల్సిన పాప, అన్నీ ఒక్కసారే వచ్చాయి.

"ఐదింటికే సీతమ్మా," అన్నాడు. "ఒక్క నిమిషంలో ప్రాణం పోయింది. బాధపడలేదు."

తలుపుకి ఆనించిన చెయ్యి ఆమె తీసిన చప్పుడైంది.

"సరే సార్," అంది. మెట్ల మీద ఆమె పాదాల చప్పుడు నిదానంగా దిగిపోయింది.

హేమంత్ మెడ మీద బిగబట్టిన ఊపిరి మెల్లగా వదిలారు ఎవరో. తరవాత గుసగుస. కోపం లేదు అందులో. మరక ఇంకా కనపడుతుందని యజమాని అంటే పనివాడు పలికే మాట లాగే ఉంది.

"సరే సార్... ఇంకో కోటు ఏస్త."

కరెంటు వచ్చింది. హేమంత్ నిచ్చెన మీద నుంచి ఎలా దిగాడో అతనికే గుర్తు లేదు. గదిలో ఎవరూ లేరు. సీలింగ్ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక్కటే తెలుపు. తను వేసిందెక్కడ, తను వెయ్యనిదెక్కడ, ఎంత వెతికినా తెలియలేదు.

అనుకున్న తేదీకే కావ్య పాపతో వచ్చింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. "ఇంత నీటుగా ఎవరేసినారు?" అని మామగారు అడిగితే హేమంత్ నవ్వాడు. కావ్య ఒక్కటే గొణిగేది, నెలలు గడిచినా ఆ గదిలో పచ్చి రంగు వాసన పోవడం లేదని.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకి ఆ గదిలోని అటక తలుపు తెరుచుకోవడం మానేసింది. పై అంచు సీలింగ్‌కి తగులుతోంది. వడ్రంగి చెక్క ఉబ్బిందని అంగుళం చిత్రిక పట్టాడు. మూడు నెలలకి మళ్ళీ తగిలింది. ఎవరూ లేనప్పుడు హేమంత్ టేపు తెచ్చి నేల నుంచి పైకి కొలిచాడు. కాగితాల్లో తొమ్మిదిన్నర అడుగులు. టేపులో నాలుగు వేళ్ళు తక్కువ. ఆ నెల నుంచి ప్రతి నెలా కొలుస్తూనే ఉన్నాడు.

సీతాబాయి అడుగుతూనే ఉంది. అతను ఐదింటికే అంటూనే ఉన్నాడు. అన్న మర్నాడు పొద్దున వాసన ఎక్కువగా ఉంటుందని కొన్నాళ్ళకి కనిపెట్టాడు.

రెండో ఏడు ఫ్యాన్ కడ్డీ కోయించాల్సి వచ్చింది. ఎలక్ట్రీషియన్ పైకి చూసి, "ఫాల్స్ సీలింగ్ చేయించిండ్రా సార్?" అన్నాడు. హేమంత్ అవునన్నాడు. మూడో ఏడు ఫ్యానే తీసేసి ఏసీ పెట్టించాడు. పిల్ల పెరిగేకొద్దీ గది ఇరుకైపోతోందని కావ్య అనుకుంది, సామాను ఎక్కువైందని సణిగింది. ఇల్లు మారదామని అతనే రెండుసార్లు అన్నాడు, మళ్ళీ అతనే వద్దనుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళు టేపు పెడితే? గీకించి చూస్తే? లోపల ఎన్ని కోట్లుంటాయో, వాటి కింద ఏముంటుందో...

2014 జూన్ రెండో తారీఖు. రాష్ట్రం వచ్చింది. పొద్దున్నుంచీ వీధి నిండా టపాకాయలు, గులాల్. సీతాబాయి చేతిలో మిఠాయి పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. జుట్టు సగం తెల్లబడింది. నుదుటి మీద ఎవరో పూసిన గులాబీ రంగు ఉంది.

"తీసుకోండ్రి సార్. తెలంగాణ వచ్చింది. ఆయన చూడకపాయె."

హేమంత్ ఒక లడ్డూ తీసుకున్నాడు. ఆమె వెళ్ళకుండా నిలబడింది. ఈసారి ఏమీ అడగలేదు. అడగడం మానేసిన మొహంతో, ఊరికే, అతని కళ్ళల్లోకి చూసింది. అంతకంటే తేలిక ఎన్నడూ లేదు చెప్పడానికి. మూడేళ్ళయింది, పోలీసులకి గుర్తు కూడా ఉండదు. అతని పెదాలు కదిలాయి.

"సంతోషం సీతమ్మా," అన్నాడు.

ఆమె తల ఊపి మెట్లు దిగింది. హేమంత్ తలుపు వేసి పడకగదిలోకి వచ్చాడు. పాప మధ్యాహ్నం నిద్రలో ఉంది, వెల్లకిలా, నోరు కొంచెం తెరిచి. ముంగురుల మీద తెల్లటి చుక్క ఉంది. వేలితో తుడిచాడు. పచ్చిగానే ఉంది.

టేపు కోసం డ్రాయర్ తియ్యబోయి ఆగిపోయాడు. టేపు అక్కర్లేదనిపించింది. నిలబడ్డచోటే చెయ్యి పైకెత్తాడు. మడమలు నేల మీద నుంచి లెయ్యకుండానే అరచెయ్యి సీలింగ్‌కి ఆనింది. తడిగా ఉంది. మనిషి ఒంటి వేడిగా ఉంది. అతని అరచేతి కింద అది మెల్లగా పైకి పోయింది, మెల్లగా కిందికి వచ్చింది.